బల్లపై యుద్ధము: కొలత ఎవరి చేతిలో?

మా అధ్యాపకుల గదిలో ఒక చిన్న వివాదం అప్పుడప్పుడు తలెత్తుతూ ఉంటుంది. తెలుగు శాఖకు చెందిన మేము ‘చదరంగం’ అంటాము. ఉర్దూ శాఖలోని మిత్రులు ‘షత్రంజ్’ అంటారు. వీటిలో అసలు పేరు ఏదని విద్యార్థులు అడిగినప్పుడు ఉభయులమూ నవ్వుకుంటాము. ఏలయన ఇవి రెండు పదములు కావు, ఒకే పదము. రథములు, ఏనుగులు, గుర్రములు, కాలిబంట్లు అనే నాలుగు అంగములు గల సేనకు సంస్కృతంలో చతురంగమని పేరు. ఆ మాట తెలుగు నాలుకపై అరిగి చదరంగమైనది. అదే మాట పశ్చిమానికి ప్రయాణించి పారశీకంలో చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయి, కాలక్రమాన ఉర్దూ వెంట మరల మన దక్కనుకు చేరినది. ఒక వాకిట వెళ్ళిపోయిన అన్న చాలాకాలానికి మరొక వాకిట తిరిగివస్తే, ఇంటిలోనున్న తమ్ముడు గుర్తుపట్టక ‘తమరెవరు?’ అని అడిగినట్లుంటుంది మా వివాదం.

ఆ చదరంగానికి దూరపు బంధువైన మరొక ఆటను గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాము. అది కల్పిత సేనలతో బల్లపై ఆడే యుద్ధక్రీడ. రాక్షసులు, మరుగుజ్జులు, ఎలుక మనుషులు, మంత్రగాండ్రు మొదలైన బొమ్మల సేనలను ఒక పెద్ద బల్లపై నిలిపి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలతో ఫలితాలు తేల్చే ఈ ఆటకు ఇంగ్లండులోను, అమెరికాలోను, ఐరోపా ఖండమంతటను పెద్ద పోటీలు జరుగుతున్నవి. మన్సూరాబాద్‌లో మా విద్యార్థులతో కలిసి మేము దీనిని అట్టముక్కలతో, దర్జీ టేపుతో, పోటీ రూపాననే ఆడి చూచినాము. ఆ పోటీలో మాకు ఒక చిక్కు ఎదురైనది. దానిని చెప్పుటకే ఈ వ్యాసమంతా వ్రాస్తున్నామన్నా తప్పులేదు. కాని ఆట స్వరూపం తెలియనిదే చిక్కు తెలియదు గనుక ముందుగా పాఠం వినవలసియున్నది.

చదరంగంలో రెండు సేనలు అక్షరాలా సమానము. ఇటు 16, అటు 16. మొదటి ఎత్తు ఎవరిదన్న ఒక్క తేడా తప్ప మరి తేడా లేదు. ఓడినవాడు తన సేనను నిందించుటకు వీలులేదు. ఈ సమానత్వం ఎంతో సొగసైనది. కాని నిజానికి ఇది చాల సులువైన సమానత్వం. ఒకే అచ్చులో పోసిన రెండు ఇటుకలు సమానమని చెప్పుటకు పెద్ద తెలివి అక్కరలేదు. సమానం కాని రెండింటి మధ్య న్యాయమైన పోటీ పెట్టవలెనన్నప్పుడే అసలు కష్టం మొదలవుతుంది.

ఆ కష్టాన్ని మన పల్లెవారు ఎప్పుడో పరిష్కరించినారు. పాత దేవాలయాల మండపాలలో, రచ్చబండలపై చెక్కిన గీతలను మీలో కొందరు చూచియుందురు. పులి-మేక ఆట గీతలవి. పులిజూదమని కూడ అంటారు. పేరులో జూదం ఉన్నదేగాని అందులో పందెమూ లేదు, పాచికా లేదు. మన ప్రాంతంలో తరచు కనబడే పద్ధతిలో 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు ఉంటవి. పులి మేకపైనుండి దూకి దానిని చంపగలదు. మేక ఎవరినీ చంపలేదు. అయినను మేకలన్నీ కూడి పులులను కదలనీయకుండ చుట్టుముట్టితే మేకలదే గెలుపు. ఈ లెక్కను ఎవరు కట్టినారో మనకు తెలియదు. మూడు పులులకు పదిహేను మేకలే ఎందుకు, పది ఎందుకు కాదు, పాతిక ఎందుకు కాదు? పది అయితే మేకల పక్షం ఆడుటకు ఎవడూ కూర్చోడు. పాతిక అయితే పులుల పక్షం ఆడుటకు ఎవడూ కూర్చోడు. తరతరాలుగా ఆడి, ఓడి, తగవులాడి ఆ అంకెను నిలబెట్టినారు. మీ తాతగారి ఊరి అరుగుమీది ఆ గీతలలో ఈనాటి కల్పిత యుద్ధక్రీడ మూలసూత్రం మొత్తం ఉన్నది. బలవంతునికి ఎక్కువ ధర, బలహీనునికి తక్కువ ధర. ఇరువురికీ ఒకే పైకం.

ఐరోపాలో ఈ ఆట వచ్చిన దారి వేరు. 1780లో బ్రున్స్‌విక్ నగరానికి చెందిన హెల్విగ్ అనే గణిత ఉపాధ్యాయుడు చదరంగపు 64 గళ్ళు యుద్ధాన్ని చూపుటకు చాలవని తలచి 1,617 గళ్ళ పటాన్ని తయారుచేసినాడు. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా దేశీయుడు గళ్ళనే తీసివేసి, భూమి ఎత్తుపల్లాలను పోలిన నమూనాపై ఆడే యుద్ధక్రీడను తమ రాజుకు సమర్పించినాడు. ఆయన కుమారుడు సైన్యంలో అధికారి. అతడు 1824లో దానిని పటములతో, పాచికలతో, వివరమైన నియమాలతో సైన్యాధికారుల శిక్షణకు అనువుగా తీర్చినాడు. ఈ ప్రష్యా ఆటలో మనం గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఆడే ఇద్దరూ పటంపై చేయి వేయరు. తమ ఆజ్ఞలను చీటీలపై వ్రాసి తీర్పరికి అందజేస్తారు. దూరాలు కొలిచేది, పాచికలు వేసేది, నష్టం లెక్కించేది ఆ మూడవ మనిషే. ఈ మూడవ మనిషిని జ్ఞాపకముంచుకొనవలెనని పాఠకులను కోరుతున్నాము.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో తగరపు సిపాయిలతో, బొమ్మ ఫిరంగితో నేలపై ఆడే నియమాలను ప్రకటించినాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆ బొమ్మలాటను వెక్కిరించినది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ వ్రాసిన పుస్తకం ఈ వినోదాన్ని తిరిగి సామాన్యుల ఇండ్లకు చేర్చినది. 1954-55లో వెలువడిన టోల్కీన్ నవల చదివిన అమెరికా యువకులు తమ మధ్యయుగపు సిపాయిల మధ్యకు రాక్షసులను, మంత్రగాండ్రను దింపినారు. గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కూర్చిన ‘చైన్‌మెయిల్’ నియమావళి 1971 నాటిది. కల్పిత జీవులకు అందులో ప్రత్యేకమైన అనుబంధం ఉన్నది. 1983లో ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ ‘వార్‌హామర్’ను ప్రకటించినది. ఆ కల్పిత లోకాన్ని 2015లో వారే అంతం చేసి, దాని స్థానంలో ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ను తెచ్చినారు. పాత లోకం ఆట 2024లో మరొక రూపాన తిరిగివచ్చినది. ఒక లోకాన్ని కూల్చుటకైనా మరల కట్టుటకైనా అంగడివాని ఇష్టమే చాలునన్నమాట!

రాక్షసులు, ఎలుక మనుషులు అనగానే మన విద్యార్థులు ఇది మనది కాదని ముఖం త్రిప్పుకొననక్కరలేదు. తిలిస్మె హోష్‌రుబా పేరు వినని ఉర్దూ విద్యార్థి ఉండడు. 19వ శతాబ్దం చివర లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం అచ్చువేసిన ఆ బృహద్గ్రంథాలలో మాంత్రికుల సేనలకు, వేషాలు మార్చే అయ్యారులకు కొదువ లేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను అమ్మమ్మ చదివించగా వినని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. ఘటోత్కచుని పరివారాన్ని 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో చూచి నవ్వుకున్నవారే మనమందరమూ. మన ఊహలో సేనలు ఎప్పుడూ ఉన్నవి. వాటికి ధర కట్టి, కొలత పెట్టి, బల్లపై నిలిపే అలవాటు మాత్రమే మనకు లేకపోయినది.

ఇక పోటీ జరిగే తీరు. ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ పోటీలలో సాధారణంగా ఒక్కొక్క ఆటగానికి 2,000 పాయింట్లు ఇస్తారు. ప్రతి బొమ్మకు, ప్రతి దళానికి ధర ముందే ప్రకటింపబడి ఉంటుంది. ఆ పైకంతో ఎవడు ఏ సేనను కొనుక్కున్నాడో పోటీకి ముందే చీటీ వ్రాసి నిర్వాహకులకు ఇయ్యవలెను. మధ్యలో మార్చుటకు వీలులేదు. 60 ఇంచీల పొడవు, 44 ఇంచీల వెడల్పు గల బల్లపై కొండలు, శిథిలాలు, అడవులు అమర్చియుంటవి. ఒక ఆటలో 5 ఆవృత్తులు. ప్రతి ఆవృత్తిలో ఇద్దరికీ వంతు వస్తుంది. వంతు వచ్చినవాడు సేనను కదిపి, బాణాలు మంత్రాలు వేసి, శత్రువుపైకి దూకి, పోరాడుతాడు. ముందు ఎవరి వంతు అనే దానిని ప్రతి ఆవృత్తిలోను మరల పాచికతో తేల్చుతారు. అందువల్ల ఒక ఆవృత్తిలో రెండవ వంతు ఆడినవాడే తరువాతి ఆవృత్తిలో మొదటి వంతు పొంది, వెంటవెంటనే రెండుసార్లు ఆడవచ్చును. ఇది అన్యాయమని గొణిగేవారున్నారు. మా అభిప్రాయంలో గొణుగుడుకు కొంత న్యాయమున్నది. కాని ఆ ప్రమాదాన్ని ముందే ఊహించి సేనను నిలుపుకొనుటే ఆ ఆటలోని నేర్పు.

గెలుపు చంపుటలో లేదు. బల్లపై గుర్తించిన కొన్ని స్థానాలను ఎవరు ఎంతసేపు పట్టుకున్నారనేదానినిబట్టి అంకెలు వస్తవి. శత్రువును సగం నాశనం చేసి ఓడిపోయినవారు, తన సేన అంతా పోగొట్టుకొని గెలిచినవారు ఉన్నారు. మేకల గెలుపును ఎరిగిన మనకు ఇందులో వింత లేదు.

గణిత విద్యార్థుల కొరకు ఒక లెక్క. ఒక దళం దాడికి 18 పాచికలు వచ్చినవనుకొందాము. 3 గాని అంతకుమించి గాని పడినవి తగిలినట్లు. ఆరింట నాలుగు వంతులు గనుక సగటున 12. వాటిని మరల వేయగా 4 గాని పైగాని పడినవి గాయపరచినట్లు; సగం గనుక 6. ఇప్పుడు పాచికలు ఎదుటివాని చేతికి పోతవి. అతని కవచం 5 గాని 6 గాని పడితే కాపాడుతుందనుకుంటే 2 గాయాలు తప్పిపోయి 4 మిగులుతవి. పద్దెనిమిది దెబ్బలు నాలుగు గాయాలైనవి. ఇది సగటు మాత్రమే. ఒకనాడు తొమ్మిది కావచ్చు, ఒకనాడు సున్న కావచ్చు. పాచికను నమ్ముకొన్నవాడు అప్పుడప్పుడు గెలుస్తాడు. సగటును ఎరిగినవాడు తరచు గెలుస్తాడు.

జంటలను కూర్చుటకు చదరంగపు పోటీలవలెనే స్విస్ పద్ధతిని వాడుతారు. 1895లో జ్యూరిక్ నగరంలో జరిగిన చదరంగపు పోటీలో మొదలైన పద్ధతి గనుక దానికా పేరు. మొదటి రౌండులో జతలు చీట్లద్వారా. తరువాత గెలిచినవారికి గెలిచినవారితో, ఓడినవారికి ఓడినవారితో. ఎవరినీ పోటీనుండి తొలగించరు. చివరివరకు అందరూ ఆడుతారు. 16 మంది అయితే 4 రౌండ్లలో, 32 మంది అయితే 5 రౌండ్లలో, సరిసమానపు ఫలితాలు రానియెడల, ఓటమి ఎరుగనివాడు ఒక్కడే మిగులుతాడు. రెండవ రౌండులోనే ఓడిపోయి బస్సెక్కే పోటీలకన్న మన కళాశాలలకు ఇది ఎంతో మేలైన పద్ధతి అని వ్యాయామ శాఖవారికి మా విన్నపము.

ఇప్పుడు ఆ మూడవ మనిషి సంగతి. పోటీ హాలులో ఏభై బల్లలుంటే ఏభైమంది తీర్పరులుండరు. కొద్దిమంది హాలంతా తిరుగుతుంటారు. చేయెత్తి పిలిస్తేనే వస్తారు. ప్రష్యా ఆటలో తీర్పరి చేసిన పనులన్నీ ఇక్కడ ఆడే ఇద్దరే చేసుకొనవలెను. అందుచేత కొన్ని మర్యాదలు ఏర్పడినవి. పాచికలను ఎదుటివానికి కనబడునట్లు వేస్తారు. దేనికైనా ఆని వాలిన పాచికను మరల వేస్తారు. బొమ్మను కదుపక ముందే ‘నా ఉద్దేశం ఇది, దీనిని నీ దళానికి 9 ఇంచీల అవతల నిలుపుతున్నాను, ఒప్పుకుంటావా?’ అని అడుగుతారు. అతడు చూచి సరేనన్న తరువాత అరఇంచీ కొరకు పేచీ ఉండదు. చక్కగా రంగులు వేసిన సేనకే కాక, ఎదుటివారితో సరసంగా మెలగిన ఆటగానికి కూడ బహుమతి ఇచ్చే పోటీలు అనేకం. శత్రువే సాక్షి, శత్రువే న్యాయాధికారి. ఇటువంటి ఏర్పాటు మరి ఏ పోటీలో ఉన్నదో మాకు తోచుటలేదు.

ఈ ఏర్పాటు చెడితే ఏమవుతుందో ప్రేంచంద్ 1924లోనే ‘షత్రంజ్ కే ఖిలాడీ’ కథలో చూపినాడు. నవాబు రాజ్యం పోతున్నా పట్టించుకోని ఇద్దరు లక్నో ప్రభువులు ఒక ఎత్తుపై తగాదా పడి, తగాదా వంశాలపైకి పాకి, కత్తులు దూసి ఇద్దరూ చనిపోతారు. 1977లో సత్యజిత్ రాయ్ తీసిన చిత్రంలో వారిని బ్రతకనిచ్చినాడు. మాకు కథ ముగింపే సరియైనదనిపిస్తుంది.

ఇక మా పోటీ. లాల్ బహదూర్ నగర్ కూడలినుండి విజయవాడకు పోయే రహదారికి చేరువలోనిది మన్సూరాబాద్. మన్సూర్ అనగా అరబ్బీలో సాయము పొంది గెలిచినవాడని అర్థం. ఆ ఊరిలో ఆడిన ఆటలోనే మాకు దొరకకూడని సాయం ఒకటి దొరికినది; ఆ సంగతి వస్తున్నది.

విదేశీ బొమ్మల సేన ఒకటి కూర్చుకొనవలెనంటే వేల రూపాయల పని. అది మావల్ల కాదు. అదే విజయవాడ రహదారి చివర కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో ఏనుగులను, మనుషులను చెక్కి రంగులు వేసే కళాకారులుండగా మనకు బొమ్మల కరవు ఉండరాదు. కాని వాటికీ డబ్బు కావలెను. కాబట్టి పెండ్లి పత్రికల అట్టలు కత్తిరించి బొమ్మలు చేసినాము. రెండు పాత గ్రంథాలయపు బల్లలను జతచేసి, చెదలు కొట్టిన లెడ్జర్లను కొండలుగా, వేపరెమ్మలను అడవిగా అమర్చినాము. నాలుగు సేనలు: రాక్షసులు, ఎలుకలు, అయ్యారులు, గజదళం. తలకు 500 పాయింట్లు. ఒక్కొక్క రాక్షసుని ధర 100. పది ఎలుకలను అతికించిన అట్ట ధర మొదట 50 అని పెట్టినాము. నాలుగు రోజులు ఆడి చూడగా ఎలుకలే గెలిచినవి. ధర 60కి పెంచినాము. అప్పుడు తూకం కుదిరినది. పదిహేను మేకల లెక్క తేల్చిన మన పూర్వులకు ఎన్ని సాయంత్రాలు పట్టినదో అప్పుడు కొంత బోధపడినది.

పేర్లిచ్చిన విద్యార్థులు 15 మంది. జతలు కుదరవలెనంటే మరొకరు కావలెను. ఆ విధంగా మేమూ అయిదుగురు రాక్షసులకు సేనానియైనాము. బి.కాం. మూడవ సంవత్సరపు విద్యార్థిని ఒకరు, ఆడుటకు ఇష్టపడక, తీర్పరిగా ఉంటామన్నారు. శని ఆదివారాలలో నాలుగు రౌండ్లు.

మొదటి రౌండు గెలిచినాము, రెండవది గెలిచినాము. శనివారం సాయంత్రం మూడవ రౌండులో ఎలుకల సేనతో బి.ఏ. మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు మాకు ఎదురైనాడు. తక్కువ మాటలు, మంచి ఆట. అతని ఎలుకలు రెండు స్థానాలను పట్టుకొని కదలుటలేదు. వాటిపైకి దూకనిదే మాకు గెలుపు లేదు. మా నియమం ప్రకారం రెండు పాచికల మొత్తం ఎన్ని ఇంచీలైతే అంతవరకు దూకవచ్చును. మేము టేపు పట్టి కొలిచి ‘ఏడు’ అన్నాము. అతడు వంగి చూచి, ఏమీ అనక, తల ఊపినాడు. ఏడు గాని అంతకు మించి గాని పడే అవకాశం 36లో 21. పాచికలు వేసినాము. నాలుగు, మూడు. రాక్షసుడు దూకినాడు, ఎలుకల వరుస విరిగినది, రౌండు మాదైనది. ఫలితపు చీటీపై ఇద్దరమూ సంతకాలు చేసినాము.

పిల్లలు వెళ్ళిపోయిన తరువాత బల్లలు సర్దుతుండగా సుద్దగీతలు కనబడినవి. దూకే దళం ఎక్కడ బయలుదేరినదో గుర్తుండుటకు దాని ముందు అంచున సుద్దతో గీయవలెనని నియమం పెట్టుకున్నాము. మా రాక్షసుని గీత చెరగక అట్లే ఉన్నది. ఎలుకల అట్ట ముందరి గీత కూడ ఉన్నది. ఊరక టేపు పరచి చూచినాము. ఏడు ముప్పావు. మరల కొలిచినాము. ఏడు ముప్పావే. టేపు మొనను బొటనవ్రేలితో అదిమిపట్టినప్పుడు అది గీతనుండి ముప్పావు ఇంచీ ముందుకు జరిగియుండవలెను. బుద్ధిపూర్వకంగా చేయలేదు. కాని మాకు కావలసినది ఎనిమిది, దానికి అవకాశం 36లో 15 మాత్రమే, పడినదేమో ఏడు. గెలుపు మాది కాదు.

ఆదివారం ఉదయం తీర్పరికి ఆ సంగతి చెప్పినాము. ఆ విద్యార్థిని కూడ పిలిచినాము. అతడు ఆశ్చర్యపడలేదు.

“అప్పుడే చూసినాను సార్” అన్నాడు.

“మరి చెప్పలేదేమి?”

“మీరు కొలిచినంక మళ్ళా కొలవమంటే బాగుంటదా సార్?”

మాకు జవాబు తోచలేదు. ఇన్ని సంవత్సరాలుగా తరగతిలో గురువుపట్ల వినయాన్ని గురించి పద్యాలు వల్లింపజేసినవారము మేమే. ఆ వినయం మాకు ఇష్టమైనదే. కాని ఆ బల్లవద్ద అది ఏమి చేసినది? ఎలుకకూ రాక్షసునికీ మధ్య ధర కట్టి తూకం కుదిర్చినాము. ఎలుకలను ఆడించే పద్దెనిమిదేండ్ల కుర్రవానికీ, రాక్షసులను ఆడించే అధ్యాపకునికీ మధ్య తూకం కుదర్చవలెనని మాకు తట్టనేలేదు. చీటీలో వ్రాయని ఆయుధం ఒకటి మా చేతిలో ఉన్నది. దాని ధర ఎన్ని పాయింట్లో మాకిప్పటికీ తెలియదు. ప్రష్యా సైన్యంలో పెద్ద అధికారి, చిన్న అధికారి ఎదురెదురుగా ఆడినప్పుడు మూడవ మనిషి ఎందుకు అవసరమైనాడో ఆ ఉదయం అర్థమైనట్లు తోచినది.

మా గెలుపును రద్దుచేయమని తీర్పరిని కోరినాము. ఆమె చీటీ తీసి చూచి, “ఇద్దరి సంతకాలు ఉన్నవి సార్. ఫలితం మారదు” అన్నారు. మేము మరల అడిగినాము. “మీరు సార్ కాబట్టి మారిస్తే, అది కూడ అదే కదా సార్” అన్నారు. ఆ తరువాత నల్లబల్లవద్దకు వెళ్ళి, నియమాల పట్టికకు దిగువన ఇట్లు వ్రాసినారు: ‘కదిపేవారు కొలవరాదు. కొలిచేది ఎదుటివారు.’

నాలుగవ రౌండులో మా ప్రత్యర్థి చేతిలో టేపు ఉన్నది. మా రాక్షసులు రెండుసార్లు దూకబోయి రెండుసార్లు అరఇంచీ దూరాన ఆగిపోయినారు. ఓడిపోయినాము. మూడవ రౌండు మాకు పోగొట్టుకున్న కుర్రవాడు తన చివరి ఆట గెలిచి మాతో సమానంగా మూడు గెలుపులవద్ద నిలిచినాడు. ఆ మూడింటిలో మా లెక్క రెండేనని అతనికి తెలుసు, మాకు తెలుసు. గోడపై అంటించిన పట్టికకు తెలియదు.

అదే మధ్యాహ్నం కళాశాల కమిటీ పెద్దలొకరు వచ్చినారు. పిల్లలు పాచికలు ఆడుతున్నారని ఎవరో వారి చెవిన వేసినారట. “లెక్చరర్ సాహెబ్, మన కళాశాలలో జూదమా?” అని అడిగినారు. వారి కలవరం అర్థంలేనిది కాదు. పాచికలవల్ల పాడైన సంసారాలను వారు చూచినవారు. మేము పందెం లేదని చెప్పినాము. పైసా చేతులు మారదని చెప్పినాము. ఫిరదౌసి షానామాలో చెప్పిన కథను కూడ విన్నవించినాము. హింద్ రాజు పంపిన షత్రంజ్ గుట్టు విప్పిన ఇరాన్ మంత్రి బుజుర్జ్‌మిహ్ర్ దానికి బదులుగా పాచికల ఆటయైన నర్ద్‌ను పంపినాడట. ఒకదానిలో బుద్ధి, రెండవదానిలో విధి. రైతు ఎంత నేర్పరియైనా వాన అతని చేతిలో లేదు గదా. ఈ ఆటలో పాచిక పని ఆ వాన పనియే. హిందూదేశంలో పాచికలతో ఆడే నలుగురి చదరంగాన్ని అల్‌బిరూనీ తన గ్రంథంలో వర్ణించినాడని కూడ చెప్పబోగా, వారు చేయెత్తి ఆపి, “పుస్తకాలు తర్వాత. ఎట్లా ఆడుతారో చూపండి” అన్నారు.

కుర్చీ వేసినాము. ఎదుట కూర్చొనుటకు ఎవరూ ముందుకు రాకపోగా, మొదటి సంవత్సరపు ఆ కుర్రవాడే తన ఎలుకలను తెచ్చి అమర్చినాడు. పెద్దలు కళ్ళజోడు సవరించుకొని రాక్షసుల పక్షం తీసుకున్నారు. మూడవ వంతులో వారికి దూకవలసిన అవసరం కలిగి, అలవాటుగా టేపు అందుకొని లెడ్జర్ల కొండ అంచున పరచి, “ఆరు. చాలా దగ్గర” అన్నారు.

కుర్రవాడు మావైపు చూచినాడు. మేము కిటికీవైపు చూచినాము.

“సాహెబ్, ఒక్క నిమిషం. ఆ టేపు ఇటివ్వండి. నేను కొలుస్తాను” అన్నాడు.

గదిలో అందరూ నిశ్శబ్దమైనారు. పెద్దలు నల్లబల్లపై కొత్తగా వ్రాసిన వాక్యాన్ని తలెత్తి చదివినారు. చదివి, టేపును కుర్రవాని చేతికిచ్చి, రెండవ కొన జారకుండ తామే వంగి పట్టుకున్నారు. కొలత ఆరు ఇంచీలే అయినది.